పాత ఏసీ ఉంచాలా, మార్చాలా: విశాఖ ఇంటి కరెంటు బిల్లు చెప్పే లెక్క

మార్చి దాటితే విశాఖలో ఏసీ మెకానిక్ దొరకడమే కష్టం. దొరికి ఇంటికొచ్చినా చాలాసార్లు వినిపించేది ఒకటే మాట: "గ్యాస్ అయిపోయిందండీ, కొట్టాలి." కొట్టించాక రెండు నెలలు బాగుంటుంది, మళ్లీ చల్లదనం తగ్గుతుంది. అప్పుడు ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఈ వేసవికి దీన్నే లాగిద్దామా? కొత్తది కొందామా? కొంటే డబ్బు మొత్తం ఒకేసారి కట్టాలా, ఈఎంఐ పెట్టాలా? ఈ మూడింటికీ విడివిడిగా జవాబు వెతుకుతాం కాబట్టే షోరూంలో ధర చీటీ చూసి తేల్చేస్తాం. మూడింటినీ కలిపే సంఖ్య ఒకటి మన ఇంట్లోనే ఉంది. ఏసీ నడిచిన నెలలో కరెంటు బిల్లు ఏ స్లాబు దాకా వెళ్లింది అన్నదే ఆ సంఖ్య.

చివరి స్లాబులో పడే యూనిట్లు

మనకు కరెంటు ఇచ్చేది ఏపీఈపీడీసీఎల్. 2022లో సవరించిన ఇళ్ల స్లాబుల ప్రకారం నెలలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75. 400 దాటితే మొత్తం బిల్లు 9.75 లెక్కన పడుతుందని చాలామంది భయపడతారు. అలా కాదు, దాటిన యూనిట్లకే ఆ రేటు. ఫిక్స్‌డ్ చార్జీలు, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు వీటికి అదనం.

ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, నీళ్ల మోటారు ఏడాదంతా ఉండేవే. తక్కువ రేటున్న కింది స్లాబులను అవే నింపేస్తాయి. ఏసీ వాడకం వాటి మీద వచ్చి చేరుతుంది కాబట్టి అది తాగే యూనిట్లన్నీ ఖరీదైన స్లాబుల్లోనే పడతాయి.

ఎంవీపీ కాలనీలో ఒక డబుల్ బెడ్‌రూం ఇల్లు అనుకుందాం. ఏసీ లేని నెలలో 180 యూనిట్లు కాలుతుంది. పడకగదిలో పన్నెండేళ్ల నాటి ఒకటిన్నర టన్నుల ఏసీ ఉంది, ఇన్వర్టర్ రకం (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది) కాదు. కంప్రెసర్ ఆడుతున్నంతసేపు అలాంటిది దాదాపు 1.9 కిలోవాట్లు లాగుతుంది. రాత్రి 8 గంటలు వేస్తే, మధ్యలో కట్ ఆఫ్ అయ్యే సమయం పోగా, 10 యూనిట్ల దాకా అవుతుంది. నెలకు 300. అంటే బిల్లు 480 యూనిట్లకు చేరుతుంది, యూనిట్ల ఖర్చే సుమారు 3,328 రూపాయలు.

అదే గదిలో మంచి 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ రాత్రికి 4 యూనిట్లు తీసుకుందనుకోండి. మొత్తం 300 యూనిట్లు, ఖర్చు 1,673. నెలకు 1,655 రూపాయల తేడా.

ఈ లెక్కలోనే చాలామంది జారిపోతారు. 3,328ని 480తో భాగిస్తే సగటున యూనిట్‌కు ఏడు రూపాయల లోపే వస్తుంది కాబట్టి, 180 యూనిట్లు మిగిలితే 1,250 మిగిలినట్టే అనుకుంటారు. కానీ మిగిలే యూనిట్లు బిల్లు పైభాగం నుంచి తెగుతాయి. ఒక్కొక్కటి సగటున 9.19 రూపాయల యూనిట్. పాత ఏసీ మార్చడంలో లాభం ఉంటే, అది ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఇంకో ఇల్లు చూడండి. ఏసీ లేకుండా 120 యూనిట్లు. మే నెలలోనూ, జూన్ మొదటి సగంలోనూ రాత్రికి నాలుగు గంటలే వేస్తారు. పాతదానితో రాత్రికి 5 యూనిట్లు, కొత్తదానితో 2. నెలకు 664 రూపాయలు మిగులుతుంది, ఏడాది మొత్తం మీద వెయ్యి రూపాయల లోపే. ఈ ఇంటికి 42,000 పెట్టి ఏసీ కొనమని నేను చెప్పను. లీకు సరిచేయించి, శుభ్రంగా సర్వీసింగ్ చేయించి అదే వాడుకోవడం మంచిది. కరెంటు ఆదా అవుతుందన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు.

మీ ఇంటి సంఖ్య కోసం ఎవరినీ అడగక్కర్లేదు. ఏసీ వేసిన ఒక రాత్రి పడుకునే ముందు, మళ్లీ లేచాక మీటర్ రీడింగ్ రాసుకోండి. ఏసీ వేయని ఇంకో రాత్రి అవే గంటల్లో మళ్లీ రాయండి. రెండింటి తేడా మీ ఏసీ తాగే కరెంటు. షోరూంలో ఎవరేం చెప్పినా ఆ కాగితం ముందు నిలవాలి.

ఉక్కపోతకు టన్నులు జవాబు కావు

విశాఖ వేడి రెంటచింతల వేడిలాంటిది కాదు. ఇక్కడ థర్మామీటర్ 34 చూపిస్తున్నా ఒళ్లంతా చెమట, కారణం సముద్రం మీదుగా వచ్చే తేమ. ఏసీ రెండు పనులు చేస్తుంది. గాలిని చల్లబరుస్తుంది, గాలిలోని నీటిని చల్లటి కాయిల్ మీద పట్టి డ్రెయిన్ పైపులోంచి బయటికి పంపుతుంది. మన ఊళ్లో ఈ రెండో పనికే చాలా శక్తి పోతుంది.

అందుకే "ఎందుకైనా మంచిది, ఒక అర టన్ను ఎక్కువ తీసుకోండి" అనే సలహా ఇక్కడ నష్టమే చేస్తుంది. గదికి మించిన ఏసీ పది నిమిషాల్లో గాలిని చల్లబరిచి, కంప్రెసర్‌ను ఆపేస్తుంది లేదా బాగా నెమ్మదింపజేస్తుంది. కాయిల్ తగినంత చల్లగా తగినంతసేపు ఉండదు కాబట్టి తేమ గదిలోనే మిగులుతుంది. చలి వేస్తూనే పక్కబట్టలు జిగటగా అనిపిస్తాయి. దాంతో సెట్టింగ్ 20కి దించుతాం, బిల్లు పెరుగుతుంది. సుమారు 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను సాధారణంగా సరిపోతుంది. పై అంతస్తు శ్లాబు కింద గదైనా, పడమటి ఎండ గోడను కాల్చేదైనా, 150 నుంచి 180 అడుగుల గదైనా ఒకటిన్నర టన్నులు. పై అంతస్తువాళ్లు ఏసీ కంటే ముందు శ్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించడం గురించి ఆలోచించాలి. ఆ ఖర్చు ఏసీ పనిని ప్రతిరోజూ తగ్గిస్తుంది.

తేమ మరీ ఎక్కువగా ఉన్న వానాకాలం రాత్రుల్లో డ్రై మోడ్ వాడి చూడండి. 24 డిగ్రీల సంగతీ చెప్పుకోవాలి. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నియమం. తేమ సరిగ్గా తీసే ఏసీ ఉంటే, నెమ్మదిగా ఒక ఫ్యాన్ తోడుంటే, మన దగ్గర 26 కూడా హాయిగానే ఉంటుంది.

స్టార్లు లెక్కపెట్టకుండా సంఖ్య చదవండి

లేబుల్ మీద స్టార్ల కంటే ముఖ్యమైన సంఖ్య ఐఎస్ఈఈఆర్. ఏడాది మొత్తం మీద ఏసీ తీసుకున్న ఒక్కో యూనిట్ కరెంటుకు ఎంత వేడిని బయటికి తోసిందో అది చెబుతుంది. ఎక్కువుంటే మేలు. స్టార్ల అర్థం మారుతూ ఉంటుంది. 2022 జూలై నుంచి స్ప్లిట్ ఏసీకి 5 స్టార్ రావాలంటే కనీసం 5.0, 3 స్టార్‌కు 3.8 ఉండాలి. 2026 జనవరి నుంచి ప్రమాణాలు మళ్లీ బిగిశాయి. కాబట్టి పాత లేబుల్ 5 స్టార్, కొత్త లేబుల్ 4 స్టార్ పక్కపక్కన పెడితే రెండూ దాదాపు ఒకే యంత్రం కావచ్చు. లేబుల్ మీద అది ఏ కాలానికి వర్తిస్తుందో ముద్రించి ఉంటుంది, చూడండి. పాత స్టాకును "5 స్టార్" అని పూర్తి ధరకు అంటగడితే ఐఎస్ఈఈఆర్ చూపించి బేరం ఆడొచ్చు.

అక్కడే ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఇంకో సంఖ్య ఉంటుంది. దాన్ని 1,600 గంటల వాడకానికి లెక్కగడతారు. 1,600తో భాగిస్తే గంటకు ఎన్ని యూనిట్లో వస్తుంది. 750 అని ఉంటే గంటకు అరయూనిట్ లోపు. అది ప్రయోగశాల అంకె. మన తేమలో అంతే వస్తుందని నమ్మకండి, రెండు మోడళ్లను పోల్చడానికి మాత్రం పనికొస్తుంది.

టన్నుల మాటా చూడాలి. ఒక టన్ను అంటే 3,517 వాట్ల చల్లదనం, ఆ లెక్కన ఒకటిన్నర అంటే 5,275. "1.5 టన్" పేరుతో అమ్మే మోడళ్లలో 4,800 వాట్లవీ ఉంటాయి. ధర తక్కువగా కనిపించడానికి ఒక్కోసారి కారణం అదే.

ఇంతకీ 5 స్టారా, 3 స్టారా? మన ఎంవీపీ కాలనీ ఇంట్లో 3 స్టార్ రాత్రికి 5 యూనిట్లు తీసుకుంటే, 5 స్టార్‌తో పోలిస్తే నెలకు 262 రూపాయలు ఎక్కువ. ఏడాదిలో ఏసీ ఏడు నెలలు నడుస్తుందనుకుంటే సుమారు 1,840. ఆ రెండింటి ధరలో తేడా 8,000 అయితే, అది తిరిగి రావడానికి నాలుగేళ్లకు పైగా పడుతుంది. రోజూ వాడే ఇంటికి 5 స్టార్ సరైనదే. హాల్లో చుట్టాలొచ్చినప్పుడు వేసే ఏసీకి 3 స్టార్ చాలు.

ఉప్పుగాలి, గ్యాస్

ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. లీకు వెతక్కుండా గ్యాస్ కొట్టించుకుంటే డబ్బు గాలిలో కలిపినట్టే. నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసి, లీకు చూపించి, దాన్ని మూసి, వాక్యూమ్ లాగాకే (పైపుల్లోని గాలీ తేమా తీశాకే) గ్యాస్ నింపమని గట్టిగా అడగాలి.

విశాఖలో ఏసీ బయటి యూనిట్ త్వరగా పాడవడానికి ఒక పెద్ద కారణం సముద్రమే. బయటి యూనిట్‌లో రాగి గొట్టాల చుట్టూ అల్యూమినియం రేకులుంటాయి. రెండు వేర్వేరు లోహాలు తాకే చోట ఉప్పు తేమ చేరితే అది అల్యూమినియాన్ని వేగంగా తినేస్తుంది. లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి లేఅవుట్, బీచ్ రోడ్డు వెంట ఇళ్లలో ఇది చాలా ముందే కనిపిస్తుంది. పోర్టుకు దగ్గరి పాత నగరంలో బొగ్గు దుమ్ము ఆ రేకుల మధ్య పేరుకుని వేడి బయటికి పోకుండా చేస్తుంది. రెండు చోట్లా మందు ఒకటే. కరెంటు ఆపి, మామూలు నీళ్లతో బయటి కాయిల్‌ను తరచూ మెల్లగా కడిగించడం. కొత్తది కొనేటప్పుడు కాయిల్ మీద తుప్పు నిరోధక పూత ఉందో లేదో అడగండి. వారంటీ పత్రంలో తుప్పు గురించి రాసిన వాక్యం కూడా చదవండి. "కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ" అన్న పెద్ద అక్షరాలు కాయిల్‌కు వర్తించవు. గ్యాస్‌కూ, కూలికీ కూడా చాలాసార్లు వర్తించవు.

పాత ఏసీలో ఉన్నది ఆర్22 అనే గ్యాస్ అయితే ఇంకో సంగతి తేల్చుకోవాలి. ఓజోన్ పొరను తినే గ్యాస్ కాబట్టి, 2024 ముగిసేసరికి కొత్త యంత్రాల తయారీలో దాని వాడకం మన దేశంలో ఆగిపోయింది. రిపేర్లకు ఇంకా దొరుకుతుంది, కానీ దాని దారి మూసుకుపోతున్న దారే. ఆర్22 ఏసీ, కాయిల్‌కు చిల్లు, పదేళ్లు దాటిన వయసు, రోజూ వాడకం: ఈ నాలుగూ కలిస్తే ఇక రిపేరు డబ్బు పెట్టకండి. నాలుగింటిలో ఒక్కటే ఉంటే తొందరపడకండి.

డబ్బు ఎలా కట్టాలి

ముందు ఒక మంచి మార్పు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను పది పాయింట్లు తగ్గితే ధర పది శాతం తగ్గదు. పన్ను కాక 32,000 ఉన్న ఏసీ 40,960 నుంచి 37,760కి దిగాలి, అంటే 7.8 శాతం.

ఇక "నో కాస్ట్ ఈఎంఐ". వడ్డీ లేని రుణం అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. మరి షోరూంలో అది ఎలా ఉంటుంది? వడ్డీకి సరిపడా మొత్తాన్ని కంపెనీయో, దుకాణమో తగ్గింపుగా భరిస్తుంది. 42,000 ఏసీకి నెలకు 3,500 చొప్పున 12 వాయిదాలు అనుకోండి. వడ్డీ ఏడాదికి 15 శాతం లెక్కన చూస్తే రుణం ఇచ్చేవాళ్లు దుకాణానికి చేర్చేది 38,800 లోపే, మిగతా 3,200 చిల్లర వడ్డీ. అంటే ఆ దుకాణం 38,800కి అమ్మడానికి ముందే సిద్ధపడి ఉంది! రొక్కం కట్టేవాళ్లు ఇది తెలిసి బేరమాడాలి. "ఈఎంఐలో మీరు వదులుకునే మొత్తం నాకు తగ్గించండి" అని అడగడంలో మొహమాటం ఏమీ అక్కర్లేదు. తగ్గించకపోతే, మీ దగ్గర డబ్బున్నా ఈఎంఐ తీసుకోవడమే లాభం, ప్రాసెసింగ్ ఫీజు చిన్నదైతే.

క్రెడిట్ కార్డు ఈఎంఐకీ, ఫైనాన్స్ కంపెనీ రుణానికీ ఒక తేడా ఉంది. మామూలు రుణాల వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం ఉంటుంది. పై ఉదాహరణలో అది సుమారు 580 రూపాయలు. వడ్డీని దుకాణం భరించినా, ఈ పన్ను మాత్రం నెలనెలా మీ కార్డు బిల్లులో కనిపిస్తుంది.

"ఫ్లాట్ 10 శాతమే" అనే మాట వింటే ఆగండి. 40,000కి ఏడాదికి 4,000 వడ్డీ అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే పడుతోంది. నిజమైన రేటు 18 శాతం దగ్గర తేలుతుంది. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి రుణాలకు కీలక వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు ఉంటుంది. ఫోన్లో ఓటీపీ చెప్పే ముందు ఆ పత్రం అడిగి తీసుకోండి. రుణం మొత్తం ఏసీ ధరకు సరిపోయిందా, అడగకుండానే పొడిగింపు వారంటీ, బీమా అందులో చేరాయా అని చూడండి. ఈఎంఐ కాస్త పెరిగిందంటే సాధారణంగా ఇవే కారణం.

నా మాట ఏమిటంటే, వచ్చే వేసవికి ఏసీ మార్చాలని ఇప్పుడే తెలిస్తే, ఆ వాయిదాను ఇప్పటి నుంచే మీకు మీరే కట్టుకోండి. నెలకు 3,500 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఏడాదికి 42,000, వడ్డీ మీదే. రిజిస్టరైన చిట్ ఉంటే ఏసీ కోసం మొదట్లోనే ఎక్కువ మొత్తం వదులుకుని పాడకండి, ఆ వదులుకున్నది కూడా వడ్డీయే. ఆఫీసులో ఉద్యోగుల పరపతి సంఘం ఉన్నవాళ్లు ముందు అక్కడి రేటు కనుక్కుని, ఆ తర్వాత షోరూం మెట్లెక్కడం మేలు.

ఇప్పుడు ఆదానూ వాయిదానూ పక్కపక్కన పెడదాం. మన ఉదాహరణ ఇంట్లో నెలకు 1,655 చొప్పున ఏడు నెలలకు 11,585 మిగులుతుంది. ఏసీ ధర 42,000. "కరెంటు ఆదాతోనే ఈఎంఐ కట్టేయొచ్చు" అనే ప్రచారం ఈ సంఖ్యల ముందు నిలబడదు. వాయిదా 12 నెలలూ వస్తుంది, ఆదా ఏసీ నడిచే నెలల్లోనే వస్తుంది, డిసెంబరులో 3,500 జీతంలోంచే పోతుంది. అసలు తిరిగి రావడానికి మూడున్నరేళ్లకు కాస్త ఎక్కువే పడుతుంది. కానీ పాతదానికి ఎలాగూ 12,000 రిపేరు తప్పదన్నారనుకోండి, అప్పుడు కొత్తదాని అదనపు ఖర్చు 30,000 మాత్రమే, రెండున్నరేళ్లు దాటగానే వచ్చేస్తుంది. ఏసీ మార్చడానికి సరైన సమయం పెద్ద రిపేరు ఎదురైన రోజు, చిన్న రిపేర్లు మూడు చేయించాక కాదు. ఈఎంఐ 12 నెలలు మించనివ్వకండి. ఉప్పుగాలిలో నడిచే యంత్రానికి 24 నెలల అప్పు పెట్టడం నాకు నచ్చదు.

బిగించే రోజు

ఇక్కడ తొందరపడితే పైన చేసిన లెక్కలన్నీ పాడవుతాయి. పాత రాగి పైపులు గోడలో ఉన్నాయి కదా అని వాటికే కొత్త ఏసీ కలపమనకండి. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాస్ ఆర్22 కంటే ఒకటిన్నర రెట్లకు మించిన ఒత్తిడితో నడుస్తుంది, దాని కంప్రెసర్ ఆయిల్ కూడా వేరు. కొత్త పైపు మీటర్ ఎంతో, స్టాండ్ ఎంతో, ఏది ఉచితమో కొనే ముందే బిల్లు మీద రాయించుకోండి. బిగించాక వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలీ తేమా తీయాలి. పంపు తేలేదని గ్యాస్ వదిలి గాలి తోసేస్తామంటే ఒప్పుకోకండి. ఆర్32 కాస్త మండే స్వభావమున్న గ్యాస్, పైగా అలా వదిలింది మీ ఏసీ గ్యాసే.

బయటి యూనిట్ స్టాండ్ సన్న ఇనుముది వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తుప్పు పట్టని స్టాండ్, గోడలోకి లోతుగా దిగిన బోల్టులు, వీలైతే సముద్రం వైపు కాకుండా ఇంటికి అవతలి పక్క. ఏసీకి విడిగా వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపే స్విచ్) ఉండాలి. పాత అపార్ట్‌మెంట్లలో సన్నని వైరుంటే దాన్ని మార్చే ఖర్చును కూడా బడ్జెట్‌లో ముందే కలపండి.

పాత ఏసీకి దుకాణం చెప్పే ఎక్స్చేంజ్ ధరను, పాత సామాను కొనేవాళ్లు చెప్పే ధరతో పోల్చండి. లోపలి రాగికి విలువుంది. అయితే పైపు కోసి గ్యాస్ గాలిలోకి వదిలేసేవాళ్లకు ఇవ్వకండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, పాత యంత్రాల పునర్వినియోగ బాధ్యత తయారీ కంపెనీలదే. కాబట్టి కంపెనీ ఎక్స్చేంజ్ కాస్త తక్కువ ఇచ్చినా నేను దానివైపే మొగ్గుతాను. ఏసీ ఇంకా ఆడుతుంటే, విప్పే ముందు పంప్ డౌన్ చేయించండి. గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లోకి చేరి అక్కడే బంధించబడుతుంది, పని పావుగంటలో అయిపోతుంది. ఎక్స్చేంజ్ మొత్తం బిల్లులో విడి వరుసగా కనిపించాలి. లేకపోతే ధర పెంచి ఎక్స్చేంజ్ ఇచ్చారో, నిజంగా తగ్గించారో మీకు తెలియదు.